జొన్న పల్లెది, రొట్టె పట్నానిది

హైదరాబాదులోని విద్యానగర్, అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధులలో దీపాలు పెట్టే వేళకు జొన్నరొట్టెల బండ్లు వెలుస్తాయి. చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దంతా ఉద్యోగ పరీక్షలకు చదివిన కుర్రవాళ్లు, విద్యానగర్‌లో గదులు అద్దెకు తీసుకున్న విద్యార్థులు ఆ పెనాల చుట్టూ చేరతారు. వారిలో జహీరాబాద్, నారాయణఖేడ్ వైపు నుంచి వెళ్లిన రైతు బిడ్డలూ లేకపోలేదు. తండ్రి కల్లంలో అమ్మిన జొన్ననే కొడుకు పట్నంలో రొట్టెగా కొని తింటున్నాడన్నా ఆశ్చర్యపడనక్కరలేదు. ఇక్కడి కల్లానికీ అక్కడి పెనానికీ నడుమ దూరం వంద కిలోమీటర్లే. ఆ వంద కిలోమీటర్లలో లాభం ఎవరి సంచిలో పడుతున్నదో రైతుకు మాత్రం తెలియదు.

ఇంతకంటే విచిత్రం, ఆ జొన్న పండించిన ఇంట్లో పొయ్యి మీద ఉడికేది రేషన్ బియ్యం. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదల ఆకలి తీర్చిన మాట నిజం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో ఇస్తున్న సన్నబియ్యమూ మంచిదే, కాదనేవారు లేరు. కాని చౌక దుకాణంలో బియ్యం తప్ప మరొకటి కనబడకపోతే మెట్టనేలలో పండే జొన్న, కొర్ర, సామలకు గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది? 2013 ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాలను కూడా రేషన్‌లో చేర్చి, కిలో రూపాయిగా ధర కట్టింది. చట్టం పుస్తకంలో ఉంది, జొన్న మాత్రం దుకాణానికి రాలేదు.

దీనికి దారి ఈ జిల్లా మహిళలు ఏనాడో చూపించారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో సంఘాలు కట్టిన వారిలో అత్యధికులు దళిత స్త్రీలు. 1990 దశకం మధ్యలో వారు తమ రేషన్ తామే నడుపుకున్నారు. బీడుపడిన చెల్కలను ఎంచి, దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి రైతులకు అప్పు ఇచ్చారు. బాకీని రూపాయలుగా గాక జొన్నలుగా కొన్నేళ్లపాటు తీర్చుకోమన్నారు. వచ్చిన గింజలు ఊళ్లోనే నిలవ చేశారు. ఊరంతా కూర్చుని ఏ ఇల్లు ఎంత బీదదో అందరి ఎదుట తేల్చి, పనులు దొరకని రోజులలో ఆ ఇళ్లకు తక్కువ ధరకు కొలిచి ఇచ్చారు. బీద ఇల్లు ఏదో తేల్చడానికి ఏ గుమాస్తా సంతకమూ అవసరం కాలేదు! బీడు సాగులోకి వచ్చింది, కూలి దొరికింది, పశువులకు చొప్ప మిగిలింది. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

సొసైటీ వ్యవస్థాపకులలో ఒకరైన పి.వి.సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. పట్నం నుంచి వచ్చిన చదువరి అయి ఉండీ, చదువులేని స్త్రీలకు విత్తనాల గురించి పాఠం చెప్పబోలేదు, వారి వద్దనే నేర్చుకున్నారు. జీపులో దిగి, పంచాయతీ ఆఫీసులో టీ తాగి, ఫారాలు నింపుకొని పోయే సలహాదారులను పల్లెలు చాలామందినే చూశాయి. వారి నివేదికలు ఏ బీరువాలో ఉన్నాయో వారికే తెలియాలి.

మంచి సలహా ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒడిశాయే సాక్ష్యం. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే వాసన్ అనే సంస్థ 2017లో మొదలైన ఒడిశా చిరుధాన్యాల మిషన్‌కు తోడ్పాటునిచ్చింది. కోరాపుట్, రాయగడ వంటి గిరిజన జిల్లాలలో రాగులను ప్రభుత్వమే మద్దతు ధరకు కొన్నది, రేషన్‌లో ఇచ్చింది. కొన్ని జిల్లాల అంగన్‌వాడీలలో పిల్లలకు రాగి లడ్డూ పెట్టారు. మహిళా సంఘాలకు పొట్టు తీసే యంత్రాలు, పిండి మరలు అందాయి. హైదరాబాదులోని సంస్థ ఒడిశాకు పనికివచ్చింది. మరి కూతవేటు దూరంలోని మెట్టపల్లెలకు ఎందుకు పనికిరాదు?

కొర్ర, సామల పొట్టు తీయడం ఆడవారికి ప్రాణసంకటం. రోకటి పోటుకు భయపడే అనేక ఇళ్లలో ఆ పంటే మానేశారు. మండలానికి ఒక చిన్న మర సంఘం చేతిలో ఉంటే గింజ దూరపు మిల్లులకు పోవలసిన పని లేదు. జొన్నకు 2025-26లో కేంద్రం క్వింటాలుకు 3,699 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. ప్రకటన వేరు, కొనుగోలు వేరు. సంక్షేమ హాస్టళ్లు, కస్తూర్బా పాఠశాలలు, అంగన్‌వాడీలు వారానికి రెండు పూటలు జొన్న, రాగి వంటకాలు పెట్టి, ఆ గింజలు సంఘాల నుంచే కొంటే రైతుకు ధర, పిల్లలకు బలం రెండూ దక్కుతాయి. గింజలు తడిసినవో పుచ్చినవో వస్తాయని వార్డెన్లు శంకించడం సహజమే. శుభ్రం చేయడం, ఆరబెట్టడం, తూకం, లెక్కలు నేర్పడమే సలహా సంస్థలు చేయవలసిన పని. అందుకు జీతం ఇచ్చినా తప్పులేదు.

జిల్లా యంత్రాంగం ఈ కొనుగోలు మాట యాసంగి జొన్న విత్తకముందే, అంటే భాద్రపదం లోపల, గ్రామసభలలో చాటించాలి. ఎన్ని క్వింటాళ్లు, ఏ ధరకు, ఏ హాస్టలుకు అన్నది కాగితం మీద తేల్చి చెప్పాలి. జొన్న వేయాలో మరో పంట వేయాలో రైతు నిర్ణయించుకునేది విత్తనం కొనేటప్పుడే.