గెలుపు లెక్కలు సరే, ఓటు లెక్క అడిగేదెవరు?

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే చాలు, కరీంనగర్ టవర్ సర్కిల్ మొదలుకొని నిర్మల్, భైంసా, ఆదిలాబాద్ దాకా ఏ హోటల్లో చాయ్ తాగినా ఒకటే ముచ్చట. ఏ పార్టీకి ఎన్ని సీట్లు? ఎవరికెంత మెజారిటీ? ముస్లింల ఓట్లు ఒక్క వైపే పడతాయా, చీలిపోతాయా? జుమా నమాజు ముగించుకొని మస్జిద్ బయట నిలబడ్డ నలుగురిలోనూ ఇదే చర్చ. ఇందులో తప్పేమీ లేదు. ప్రజాస్వామ్యంలో రాజకీయాలు మాట్లాడుకోవడం పౌరుని హక్కు. అయితే ఇంత చర్చలోనూ ఒక ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. మన ఓట్లతో గెలిచి సభకు వెళ్లిన వ్యక్తి అక్కడ తన ఓటును ఎటు వేశాడు? వివాహం, విడాకులు, భరణం, వక్ఫ్, రిజర్వేషన్లు వంటి సామాజిక చట్టాలు సభ ముందుకు వచ్చిన రోజున మన ప్రతినిధి ఏం మాట్లాడాడు? ఈ ప్రశ్నను పక్కన పెట్టి కేవలం గెలుపోటముల లెక్కలు వేసుకోవడం వల్ల మనం నష్టపోతున్నామని మేము భావిస్తున్నాం.

మొదట ఆ లెక్కల సంగతే చూద్దాం. 2018 డిసెంబరులో తెలంగాణ శాసనసభ ఎన్నికల సందర్భంగా లగడపాటి రాజగోపాల్ ప్రకటించిన సర్వే ఎంత సంచలనం కలిగించిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ప్రజాకూటమిదే పైచేయి అని ఆయన చెప్పారు. తీరా చూస్తే 119 స్థానాల్లో టీఆర్ఎస్ 88 గెలుచుకుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఎన్డీయేకు 350కి పైగా వస్తాయని అనేక ఎగ్జిట్ పోల్స్ ఘోషించాయి. వచ్చినవి 293. సర్వేలు చేసేవారంతా అబద్ధాలకోరులని మేము అనడం లేదు. కొన్ని వేలమందిని అడిగి కోట్లమంది మనసు చెప్పడంలో పొరపాటుకు తావుంటుంది. పైగా ఓట్ల శాతం అంచనా సరిగ్గా ఉన్నా, దాన్ని సీట్లలోకి మార్చేటప్పుడు లెక్క తప్పవచ్చు.

మన జిల్లాల అనుభవం కూడా ఇదే. 2023 శాసనసభ ఎన్నికల్లో ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని 13 స్థానాల్లో కాంగ్రెస్ 8, బీఆర్ఎస్ 5 గెలిచాయి. బీజేపీకి ఒక్కటీ దక్కలేదు. కరీంనగర్‌లో బండి సంజయ్‌పై గంగుల కమలాకర్ 3 వేల పైచిలుకు ఓట్లతో బయటపడ్డారు. ఉమ్మడి ఆదిలాబాద్‌లోనేమో బీజేపీ ఆదిలాబాద్, నిర్మల్, ముథోల్, సిర్పూర్ స్థానాలను గెలుచుకుంది. రాష్ట్రంలో ఆ పార్టీకి వచ్చిన 8 సీట్లలో సగం ఇక్కడివే. ఆరు నెలలు తిరగకుండానే 2024 లోక్‌సభ ఎన్నికల్లో కరీంనగర్ స్థానాన్ని అదే బండి సంజయ్ 2 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఆదిలాబాద్‌లోనూ బీజేపీయే నెగ్గింది. ఓటరు మనసు ఇంత త్వరగా మారేచోట జోస్యాలను నమ్ముకొని కూర్చోవడం ఎంతవరకు తెలివైన పని?

ఆ ఏడాదే మన ప్రాంతపు పేరు బ్రిటన్ ఎన్నికల్లోనూ వినిపించింది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో ఉండి, 2016లో సిద్దిపేట జిల్లాలో చేరిన కోహెడ మండలం శనిగరం గ్రామానికి చెందిన ఉదయ్ నాగరాజు నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో లేబర్ పార్టీ అభ్యర్థిగా నిలబడ్డారు. మనవాడు బ్రిటన్ పార్లమెంటులో అడుగుపెడతాడా అని ఇక్కడివాళ్లు ఆసక్తిగా ఎదురుచూశారు. 2024 జూలై 4న జరిగిన ఆ పోలింగులో దేశమంతటా లేబర్ ప్రభంజనం వీచినా ఆ స్థానం మాత్రం కన్సర్వేటివ్ పార్టీకే దక్కింది. ఆ ప్రభంజనం కూడా ఎంతటిదో చూడండి. లేబర్‌కు వచ్చిన ఓట్లు 34 శాతానికి కూడా చేరలేదు. సీట్లు మాత్రం 650లో 411. రిఫార్మ్ పార్టీకి 14 శాతానికి పైగా ఓట్లు వచ్చినా దక్కినవి 5 సీట్లే. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవాడే విజేత అన్న ఈ పద్ధతిని మనం వారి దగ్గర నుంచే తెచ్చుకున్నాం. ఓట్లు చీలితే ఏమవుతుందో కరీంనగర్‌లోనైనా బెడ్‌ఫర్డ్‌లోనైనా సూత్రం ఒక్కటే.

కాని వారి దగ్గర ఉండి మనం తెచ్చుకోని ఆచారం ఒకటుంది. సామాజిక సంస్కరణలకు, మనిషి నైతిక విశ్వాసాలకు సంబంధించిన బిల్లులు వచ్చినప్పుడు బ్రిటన్‌లో పార్టీలు సాధారణంగా విప్ జారీ చేయవు. ప్రతి సభ్యుడూ తన అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయవచ్చు. హత్యానేరానికి ఉరిశిక్షను 1965లో నిలిపివేసిన చట్టం సిడ్నీ సిల్వర్‌మన్ అనే మామూలు సభ్యుడు ప్రతిపాదించిన బిల్లు. ఉరిశిక్ష ఉండాలనేవారే ఆనాటి సర్వేల్లో ఎక్కువ. అయినా సభ్యులు తమ విచక్షణతో ఓటు వేసి, ప్రజలకు జవాబు చెప్పుకున్నారు.

నిన్నమొన్నటి ఉదాహరణ కూడా ఉంది. నయంకాని జబ్బుతో చివరి దశలో ఉన్నవారు తమ జీవితాన్ని ముగించుకోవడానికి వైద్యుల సహాయం పొందవచ్చుననే బిల్లు 2024 నవంబరు 29న కామన్స్ సభలో 330-275 ఓట్లతో ముందుకు సాగింది. 2025 జూన్ 20న 314-291తో ఆ సభ ఆమోదం పొందింది. ప్రాణం పోసేవాడు, తీసేవాడు అల్లాహ్ ఒక్కడేనని విశ్వసించే మనకు ఆ బిల్లు సమ్మతం కాదు. ఇక్కడ గమనించవలసింది వేరే ఉంది. ప్రధాని స్టార్మర్ బిల్లుకు అనుకూలంగా ఓటు వేశారు. ఆయన మంత్రివర్గంలోనే న్యాయశాఖ చూస్తున్న షబానా మహమూద్ అనే ముస్లిం మహిళ వ్యతిరేకంగా ఓటు వేశారు. తాను ఎందుకు వ్యతిరేకిస్తున్నదీ తన నియోజకవర్గ ప్రజలకు ముందుగానే బహిరంగంగా తెలియజేశారు. దానివల్ల ఆమె పదవి పోలేదు. 2025 సెప్టెంబరులో హోం శాఖ కూడా ఆమెకే అప్పగించారు.

అయితే బ్రిటన్‌లో అన్ని ఓట్లూ స్వేచ్ఛగా పడతాయని కాదు. గాజాలో కాల్పుల విరమణ కోరుతూ 2023 నవంబరు 15న ఓటింగు జరిగినప్పుడు ఆ సవరణకు ఓటు వేయవద్దని లేబర్ నాయకత్వం తన సభ్యులను ఆదేశించింది. 56 మంది లేబర్ సభ్యులు ఆ మాట కాదని ఓటు వేశారు. కొందరు పార్టీ పదవులు కూడా వదులుకున్నారు. ఎవరు ఎటు ఉన్నారో పేర్లతో సహా ప్రజలకు తెలిసింది. మరుసటి సంవత్సరం ఎన్నికల్లో లెస్టర్ సౌత్, బ్లాక్‌బర్న్, బర్మింగ్‌హామ్ పెర్రీ బార్, డ్యూస్‌బరీ-బాట్లీ స్థానాల్లో లేబర్ అభ్యర్థులు ఓడి, గాజా విషయాన్ని ముందుకు తెచ్చిన స్వతంత్రులు గెలిచారు. అక్కడి ముస్లిం ఓటరు సభలో పడిన ఓటును గుర్తుపెట్టుకున్నాడన్నమాట.

ఇక మన దేశం సంగతికి వద్దాం. అంతరాత్మ ప్రబోధం అనే మాట మనకు కొత్త కాదు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో నీలం సంజీవరెడ్డి, వి.వి. గిరి పోటీపడినప్పుడు ఆ మాట దేశమంతా మోగింది. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చిన తర్వాత పరిస్థితి మారిపోయింది. పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటు వేస్తే సభ్యత్వమే పోతుంది. ఆయారాం గయారాంలను అరికట్టడానికి అటువంటి చట్టం అవసరమైన మాట నిజమే. కాని ప్రభుత్వం పడిపోయే ఓటుకూ, ఒక సామాజిక చట్టంపై పడే ఓటుకూ అందులో తేడా లేకుండా పోయింది. విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వంటి వాటికే అనర్హతను పరిమితం చేయాలని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే సూచించింది. ఇదే ఉద్దేశంతో మనీశ్ తివారీ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు ప్రతిపాదించారు. ఏదీ ముందుకు సాగలేదు.

ఫలితం ఏమిటో మన కళ్ల ముందే ఉంది. ఒకేసారి మూడు తలాఖులు చెప్పడాన్ని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న చెల్లనిదిగా ప్రకటించింది. దాన్ని మూడేళ్ల దాకా జైలు శిక్ష విధించదగిన నేరంగా మార్చే బిల్లు 2019 జూలై 30న రాజ్యసభలో 99-84 ఓట్లతో నెగ్గింది. తేడా 15 ఓట్లే. టీఆర్ఎస్‌కు ఆనాడు రాజ్యసభలో 6 స్థానాలు ఉన్నాయి. ఆ పార్టీ ఓటింగులో పాల్గొనలేదు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నదానిపై మన సమాజంలోనే భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. భర్తను జైల్లో పెడితే భార్యాపిల్లలకు అన్నం పెట్టేదెవరని అడిగినవారున్నారు. ఒక్క మాటతో రోడ్డున పడ్డ చెల్లెలికి ఏ దిక్కు చూపించారని అడిగినవారూ ఉన్నారు. రెండూ అడగవలసిన ప్రశ్నలే. కాని ముస్లింల ఓట్లు తీసుకున్న పార్టీ అవును అనకుండా, కాదు అనకుండా తప్పుకుంటే ఆ ప్రశ్నలకు జవాబు ఎవరు చెప్పాలి?

2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288-232తో, రాజ్యసభలో 128-95తో నెగ్గినప్పుడు కూడా ఇంతే. ఏ పార్టీ ఎటో ముందే తెలుసు. వక్ఫ్ భూముల కౌలు ఏమవుతోంది, కబ్జాలు ఎలా తొలగించాలి, పేద విద్యార్థికి ఆ ఆదాయం ఎలా చేర్చాలి అన్న విషయాలు పార్టీల పట్టుదలల నడుమ వెనుకబడిపోయాయి. ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు నిలిపివేసింది. చట్టసభలో తేలవలసిన వాదం కోర్టు మెట్లు ఎక్కింది.

మరో రకం ఓటు కూడా ఉంది. అందరూ చేతులెత్తుతారు గాని పని జరగదు. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 2007 నుంచి ఉన్న 4 శాతం రిజర్వేషన్‌ను 12 శాతానికి పెంచే బిల్లును తెలంగాణ శాసనసభ 2017 ఏప్రిల్ 16న ఆమోదించింది. గిరిజనుల కోటాను 6 నుంచి 10 శాతానికి పెంచడం కూడా అందులోనే ఉంది. బీజేపీ వ్యతిరేకించింది. కాంగ్రెస్, మజ్లిస్ మద్దతిచ్చాయి. బిల్లుకు కేంద్రం ఆమోదం రాలేదు. ఆదిలాబాద్ ఆదివాసులతో సహా గిరిజనులకు 2022లో జీవో ద్వారా 10 శాతం అమలు చేశారు. ముస్లింల 12 శాతం కాగితం మీదే మిగిలింది. ఆ తర్వాత జరిగిన ఎన్నికల్లో మన మొహల్లాలకు వచ్చిన అభ్యర్థులను ఎంతమందిమి నిలదీశాం?

కాలం ఎప్పుడూ ఇలాగే లేదు. 1939లో వచ్చిన ముస్లిం వివాహాల రద్దు చట్టం సంగతి మన యువకులలో చాలామందికి తెలియదు. భర్త కనిపించకుండా పోయినా, పోషించకపోయినా, హింసించినా ముస్లిం స్త్రీ కోర్టు ద్వారా విడాకులు పొందే హక్కును ఆ చట్టం స్పష్టం చేసింది. దాన్ని తెచ్చింది ప్రభుత్వం కాదు. ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ అనే సభ్యుడు. దాని వెనుక ఉలమాల ఆలోచన ఉంది, స్త్రీల కన్నీరు ఉంది. మన జిల్లాలు అప్పటికి నిజాం రాజ్యంలో ఉన్నా, తర్వాత ఆ చట్టం మనకూ వర్తించింది. సంస్కరణ బయటినుంచి రుద్దితేనే వస్తుందనేవారికి ఇది సమాధానం. మరి ఈనాడు? ఒక సభ్యుడు సొంతంగా తెచ్చిన బిల్లు పార్లమెంటు ఆమోదం పొంది చట్టమైనది చివరిసారిగా 1970లో.

మనం మాట్లాడుకోకపోతే సమస్య ఆగదు. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం కోరవచ్చునని సుప్రీంకోర్టు 2024 జూలై 10న తీర్పు చెప్పింది. ఆ కేసు మన తెలంగాణ నుంచి వెళ్లినదే. ఆ తీర్పును కొందరు హర్షించారు, కొందరు ఆక్షేపించారు. మొహల్లా పెద్దలు, ఖాజీలు, ప్రజాప్రతినిధులు సకాలంలో కూర్చుని న్యాయం చేసిన చోట ఏ స్త్రీ అయినా కోర్టుల చుట్టూ ఎందుకు తిరుగుతుంది?

విప్ ఉన్నప్పుడు సభ్యుణ్ణి అడిగి ఏం ప్రయోజనమని కొందరు అంటారు. విప్ ఆకాశం నుంచి ఊడిపడదు. పార్టీ సమావేశంలో తయారవుతుంది. అక్కడ నోరు విప్పడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. తన నియోజకవర్గంలో తప్పక అడుగుతారని తెలిస్తే సభ్యుడు అక్కడ మాట్లాడతాడు. అడిగేవారు లేరని తెలిస్తే మౌనంగా ఉంటాడు. ఎన్నికను ఒక్క ప్రశ్న చుట్టూ నడిపించడం ఈ గడ్డకు కొత్త కూడా కాదు. 2006 డిసెంబరులో కరీంనగర్ లోక్‌సభ ఉపఎన్నిక తెలంగాణ అన్న ఒక్క మాటపై జరిగింది. కేసీఆర్‌కు 2 లక్షలకు పైగా మెజారిటీ వచ్చింది. ఆ జవాబు ఢిల్లీ దాకా వినిపించింది.

అందుచేత మేము కోరేది ఇంతే. అభ్యర్థి ఇంటికి వచ్చినప్పుడు కాలువ, రోడ్డు, షాదీఖానా అడగండి, తప్పులేదు. దానితోపాటు ఫలానా బిల్లు వచ్చినప్పుడు మీరు ఎటు ఓటు వేశారు, ఎందుకు వేశారు, రాబోయేదానికి ఎటు వేస్తారు అని కూడా అడగండి. మూజువాణి ఓటుతో ముగించకుండా పేర్లు నమోదయ్యే ఓటింగు కోరతారా అని అడగండి. ఓటింగు నమోదైనచోట ఆ పేర్లు సభా కార్యకలాపాల నివేదికల్లో దొరుకుతాయి. చదువుకున్న యువకులు వాటిని తీసి మొహల్లా పెద్దలకు వినిపించాలి. ఆ కూర్చున్నవారిలో స్త్రీలకు కూడా చోటుండాలి. ఈ చట్టాల బరువు ఎక్కువగా మోసేది వారే కదా! ఓటు ఒక అమానతు. దాన్ని అప్పగించినవారు లెక్క అడగాలి, తీసుకున్నవారు లెక్క చెప్పాలి. ఎవరు గెలుస్తారన్నది ఫలితాల రోజున ఎలాగూ తెలుస్తుంది. గెలిచినవారు ఏం చేశారన్నది మాత్రం మనం అడిగితేనే తెలుస్తుంది.