హౌసు సర్జనులకు గది

పరీక్షలు ముగియగానే కూఁతురు డాక్టరైనదని పామర్రులోని తండ్రి మురియును. 2021 నాటి జాతీయ వైద్య కమిషను నిబంధనల ప్రకారము పండ్రెండు నెలల హౌసు సర్జను పని యింకను మిగిలియుండును. ఇల్లు విడిచి, విజయవాడలోనో గుంటూరులోనో, పగలనక రేయనక. ఆ రాత్రులం దామె యెచ్చట కునుకు తీయునో యాతం డెఱుఁగఁడు.

2024 ఆగష్టులో కలకత్తా ఆర్. జి. కార్ ఆసుపత్రిలో, రాత్రి విధి నడుమ సెమినారు హాలున విశ్రమించిన శిక్షణ వైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గుఱియైనది. ఆమె హౌసు సర్జను కాదు, పైచదువు విద్యార్థిని, అయిన నేమి? సుప్రీంకోర్టు జాతీయ కార్యదళమును నియమించినది. కలకత్తా దూరమని మన మూరకుందుమా?

మేము మేడ లడుగుట లేదు. స్త్రీలకు వేఱు గది, లోపలి గడియ, మంచము, వాకిట కావలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘములలోని మన పురప్రముఖులు వచ్చు సమావేశమునకు ముం దొక రాత్రి పోయి యా గదిని చూచి రావలెను.