పుండుకి పురుగే మందు!
పుండులో పురుగులా, ఛీ అని ముఖం తిప్పుకోకండి. 1917లో, మొదటి ప్రపంచయుద్ధంలో, ఏడు రోజులు దిక్కులేక పడివున్న ఇద్దరు సైనికుల్ని అమెరికన్ డాక్టర్ విలియం బేర్ చూశారు. గాయాల నిండా ఈగ పురుగులే! కడిగేస్తే లోపల గులాబీరంగులో కొత్త కండ. ఒంట్లో జ్వరమే లేదు.

పచ్చ ఈగ పిల్లపురుగులు వదిలే ద్రవం కుళ్ళిన కండను కరిగిస్తుంది, సూక్ష్మక్రిముల్ని చంపుతుంది. 2004లో అమెరికా ప్రభుత్వం ఈ వైద్యానికి అనుమతిచ్చింది. షుగరువల్ల మానని కాలిపుళ్ళకి వాడుతున్నారు.

అలాగని ఇంట్లో పుండుమీద ఈగల్ని వాలనివ్వకండేం! ఆస్పత్రుల్లో వాడేవి క్రిములు అంటకుండా ప్రత్యేకంగా పెంచినవి. మీ అత్తగారికో, నాన్నగారికో షుగరుంటే రోజూ పాదాలు చూడండి. పుండులో పురుగు కనిపిస్తే పసరులూ, కిరసనాయిలూ పోయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.