సరిహద్దు గ్రామాలలో వాకీటాకీలు: అవసరం మనది, అనుమతి ఎవరిది?

2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి హోస్పేట వద్ద తుంగభద్ర జలాశయపు 19వ నంబరు క్రస్టుగేటు గొలుసు తెగి కొట్టుకుపోయిన సంగతి పాఠకులకు విదితమే. తెల్లవారేసరికి దిగువనున్న నదీతీర గ్రామాలకు హెచ్చరికలు మొదలయ్యాయి. రాయచూరు తాలూకాలోని ఇడపనూరు పరిసరాలలోను, ఏటి అవతల మంత్రాలయం వైపు పల్లెలలోను ఆనాడు సామాన్య కుటుంబాల చేతిలో ఉన్న సాధనం సెల్‌ఫోను ఒక్కటే. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో వారం రోజులలోనే స్టాప్‌లాగ్ అమర్చి నీటిని నిలిపారు కనుక పెనుముప్పు తప్పింది. ముప్పు తప్పిన తరువాత ప్రశ్న కూడ మరుగున పడింది. నిజంగా నీరు వచ్చి, కరెంటు పోయి, ఫోను మూగబోతే ఏటిగట్టు మీది మనిషి ఊరిలోని మనిషికి కబురు చెప్పే దారి ఏది?

ఈ ప్రశ్న ఊహాజనితమైనది కాదు. 2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర, కృష్ణ నదులు పొంగినపుడు కర్నూలు నగరం మునిగింది. మంత్రాలయంలో మఠ ప్రాంగణంలోకి నీరు చేరి భక్తులు చిక్కుబడ్డారు. రాయచూరు జిల్లాలోనూ పల్లెలు నీటిపాలయ్యాయి. సెల్‌ఫోను టవరు కూడ కరెంటు మీద బ్రతికేదే. కరెంటు పోతే కొన్ని గంటలు బ్యాటరీలు, ఆ పైన డీజిలు జనరేటరు. రోడ్డు మునిగితే డీజిలు డబ్బా టవరు దాకా చేరదు. సరిహద్దు పల్లెలకు మరొక చిక్కు కూడ అనుభవమే. మన ఊరిలో నిలబడి ఫోను చేస్తే పక్క రాష్ట్రపు టవరు అందుకొని రోమింగ్ పేరిట డబ్బు కోసుకున్న రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. ఆ చార్జీలు పోయాయి గాని, పొలం చివరన సిగ్నలు కోసం చెట్టెక్కే అవస్థ మాత్రం అన్ని ఊళ్ళలోనూ పోలేదు.

ఈ నేపథ్యంలోనే వాకీటాకీల పట్ల గ్రామీణ యువకులకు ఆకర్షణ పెరిగింది. టవరు అవసరం లేదు, సిమ్ము అవసరం లేదు, నెలనెలా రీచార్జి లేదు. బటను నొక్కితే మాట పోతుంది, వదిలితే మాట వస్తుంది. కాలువ చివరి మడికి నీరు చేరిందో లేదో గట్టు మీది మనిషి మోటారు వద్దనున్న మనిషికి చెప్పవచ్చు. ఇంటర్‌నెట్ అంగళ్ళలో రెండు మూడు వేల రూపాయలకే జత సెట్లు లభించడం చూసి ఆర్డరు పెట్టేవారు పెట్టారు. వాటిలో ఏది చట్టబద్ధమో, ఏది కాదో అమ్మేవాడు చెప్పలేదు, కొనేవాడు అడగలేదు.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. రేడియో తరంగాలు కేంద్ర ప్రభుత్వపు అధీనంలోనివి. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల సరిహద్దులతో వాటికి నిమిత్తం లేదు. రాయచూరులో తప్పయినది గద్వాలలోనూ తప్పే. 1885 నాటి టెలిగ్రాఫు చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం దీనికి చిరకాలం మూలాధారాలు. అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని వాడడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడ 1933 చట్టం ప్రకారం నేరం. సందేశం పంపగల ట్రాన్స్‌మిటరు అయితే మూడేళ్ళ వరకు ఖైదు, లేక వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చునని అందులో ఉంది. ఆ వెయ్యి రూపాయలు ఆనాటి ధరలను గుర్తు చేస్తాయి గాని మూడేళ్ళు ఏ కాలానికైనా మూడేళ్ళే. ఈ పాత చట్టాల స్థానంలో పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని చేసింది. దాని సెక్షన్లను 2024 జూన్ నుండి దశలవారీగా అమలులోకి తెస్తూ వచ్చారు. అనుమతి గాని, మినహాయింపు గాని ఉండాలనే మూలసూత్రం మాత్రం మారలేదు.

వినడానికి కూడ లైసెన్సు కావలసిన కాలం ఒకటి ఉండేది. 1980ల మధ్య వరకు ఇంట్లో రేడియో పెట్టె ఉంటే పోస్టాఫీసుకు వెళ్ళి ఏటా రుసుము కట్టి పుస్తకంలో స్టాంపు వేయించుకోవలసి వచ్చేది. ఇడపనూరు వంటి ఊళ్ళలో పాత ట్రంకు పెట్టెలు వెదికితే అటువంటి లైసెన్సు పుస్తకం ఒకటైనా దొరకకపోదు. వినడం స్వేచ్ఛ అయింది. పంపడం ఇంకా స్వేచ్ఛ కాలేదు. కారణం స్పష్టం. వినేవాడు ఎవరికీ అడ్డురాడు. పంపేవాడు మరొకరి మాటను చెరపగలడు. ఆ మరొకరు పోలీసులు కావచ్చు, విమానం కావచ్చు, అంబులెన్సు కావచ్చు.

అయితే సామాన్యునికి రెండు తలుపులు తెరిచే ఉన్నాయి. మొదటిది సిటిజన్ బ్యాండ్. 26.957 నుండి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్లకు మించని శక్తితో పనిచేసే సెట్లకు 2005లో లైసెన్సు మినహాయింపు ఇచ్చారు. రెండవది 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ వరకున్న చిన్న పట్టీ. స్వల్పశక్తి పరికరాలకు సంబంధించిన 2018 నాటి నియమాల ప్రకారం ఈ పట్టీలో మాత్రమే పనిచేసే వాకీటాకీకి లైసెన్సు అక్కరలేదు. ఐరోపా దేశాలలో ఇదే పట్టీలో అరవాటు సెట్లను పిల్లల ఆటకు మొదలుకొని పర్వతారోహణ వరకు సామాన్యులు వాడుతున్నారు. లైసెన్సు అక్కరలేదు గనుక ఏ సెట్టయినా చెల్లుతుందనుకోరాదు. ఆ నమూనా సెట్టుకు కేంద్ర టెలికం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం నుండి ఈటీఏ అనే పరికర ఆమోదం ఉండాలి. దానిని తయారీదారు లేదా దిగుమతిదారు తెచ్చుకోవాలి. కొనుగోలుదారు చేయవలసినది అది ఉన్నదా అని అడగడం.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. అంగళ్ళలో చౌకగా కనబడే చైనా సెట్లలో అధికభాగం 136 నుండి 174 వరకు, 400 నుండి 520 మెగాహెర్ట్జ్ వరకు ఎక్కడైనా పంపగలవు. శక్తి 5 వాట్లు, అంతకంటె ఎక్కువ కూడ. ఆ విస్తారమైన పట్టీలలోనే పోలీసు, రక్షణ, ఇతర ప్రభుత్వ సేవల ఛానెళ్ళు ఉంటాయి. "నేను 446 మీదనే పెట్టుకొన్నాను కదా" అని వాదించినా నిలవదు. మినహాయింపు ఆ పట్టీలో మాత్రమే పనిచేసే సెట్టుకు గాని, ఆ పట్టీలో కూడ పనిచేసే సెట్టుకు కాదు. పొలంలో నీటి కబురు చెప్పుకొందామని కొన్న సెట్టుతో సరిహద్దు తనిఖీలో పట్టుబడితే, యువకుడు తన అమాయకత్వాన్ని నిరూపించుకోవలసిన స్థితిలో పడతాడు. ఏటికి ఇరువైపులా రెండు రాష్ట్రాల పోలీసులున్న చోట ఆ నిరూపణ ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

అమ్మకందార్ల బాధ్యతను ఎట్టకేలకు కేంద్రం గుర్తించింది. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ పదమూడు ఆన్‌లైన్ వేదికలకు నోటీసులు పంపింది. ఫ్రీక్వెన్సీ ఎంతో, లైసెన్సు కావాలో వద్దో, ఈటీఏ ఉన్నదో లేదో చెప్పకుండ వాకీటాకీలను అమ్మకానికి పెట్టారన్నది అభియోగం. అదే నెల చివరలో వీటి అమ్మకాలపై మార్గదర్శకాలు వెలువడ్డాయి. మంచిదే. కాని ఇప్పటికే ఇళ్ళకు చేరిన సెట్ల సంగతేమిటి? పల్లె కుటుంబాలకు వాటి విషయమై వారి భాషలో, అది కన్నడమైనా తెలుగైనా, ఎవరూ చెప్పలేదు. అమ్మేటప్పుడు మౌనం, పట్టుకొనేటప్పుడు చట్టం అన్న పద్ధతి న్యాయమైనది కాదు.

ఇక దూరం మాట. పెట్టె మీద 5 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు అని అచ్చువేస్తారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఈ తరంగాలు దాదాపు చూపు పోయినట్లే సూటిగా పోతాయి. భూమి గుండ్రన గనుక కొంత దూరం పోయాక నేలే అడ్డు వస్తుంది. మీటరున్నర ఎత్తున సెట్టు పట్టుకొన్న మనిషికి అడ్డులేని మైదానంలో రేడియో దిగంతం సుమారు 5 కిలోమీటర్లు. ఇద్దరూ అలా నిలబడితే లెక్క ప్రకారం 10 కిలోమీటర్లు. కాని మధ్యలో చెట్లు, ఇళ్ళు, నడుమెత్తు పత్తిచేను ఉంటాయి. అరవాటు శక్తి ఇవన్నీ దాటుకొని పోయేసరికి ఒకటి రెండు కిలోమీటర్లు దక్కితే అదే లాభం. అదే మనిషి రాయచూరు కోటగుట్ట ఎక్కి మాట్లాడితే అదే సెట్టు ఎన్నో రెట్లు దూరం పోతుంది. తొమ్మిది మీటర్ల మేడ మీదికి ఎక్కినా దిగంతం 12 కిలోమీటర్లు దాటుతుంది. శక్తి పెంచడం కన్న ఎత్తు పెంచడం మేలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. మిట్ట మీదికి నాలుగడుగులు వేయడానికి ఏ లైసెన్సూ అక్కరలేదు.

యాంటెన్నా విషయంలో అపోహలు మరీ ఎక్కువ. పొడవైన కడ్డీ తగిలిస్తే దూరం పోతుందని చాలామంది నమ్మకం. యాంటెన్నా పొడవు తరంగపు పొడవును బట్టి ఉండాలి. 300ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క. 446కు అది 67 సెంటీమీటర్లు. అందులో నాలుగవ వంతు, అంటే జానెడు కన్న తక్కువ కడ్డీ, దానికి చక్కగా సరిపోతుంది. 27 మెగాహెర్ట్జ్‌కు తరంగం 11 మీటర్లు. నాలుగవ వంతే రెండు మీటర్ల ముప్పావు. అందుకే సిటిజన్ బ్యాండ్ చేతిసెట్టు కురుచ యాంటెన్నాతో ఎక్కువ దూరం పోదు. పైగా బోరుమోటారు స్టార్టరు వేసినపుడల్లా, మోపెడు ఎదుట పోయినపుడల్లా అందులో గరగర వినబడుతుంది. మినహాయింపు పొందిన సెట్టుకు దానితో వచ్చిన యాంటెన్నాతోనే ఆమోదం ఉంటుంది. దానిని పీకి మరొకటి పెడితే ఆమోదం పొందిన సెట్టు కాస్తా మరొక సెట్టవుతుంది. యాంటెన్నా లేకుండ బటను నొక్కితే సెట్టు లోపలి భాగమే కాలిపోవచ్చు. సెట్టును నిటారుగా పట్టుకోవాలి. ఒకరు నిలువుగా, మరొకరు అడ్డంగా పట్టుకొంటే ఉన్న దూరం కూడ తరుగుతుంది. బటను నొక్కిన క్షణం తరువాత మాట మొదలుపెట్టకపోతే మొదటి అక్షరం మింగుడుపడుతుంది. "రావద్దు" అన్న మాటలో ఎవరికి ఏ ముక్క వినబడుతుందన్నది ఏటిగట్టు మీద చిన్న విషయం కాదు.

రహస్యం విషయంలోనూ జాగ్రత్త అవసరం. సెట్లలో ప్రైవసీ కోడ్ అనే ఏర్పాటు ఉంటుంది. అది ఇతరుల మాట మనకు వినబడకుండ చేస్తుందే గాని, మన మాట ఇతరులకు వినబడకుండ చేయదు. ఇంట్లో ఎవరూ లేరని, పత్తి అమ్మిన డబ్బు తెచ్చామని వాకీటాకీలో చెప్పడం రచ్చబండ మీద చెప్పడంతో సమానం.

మూడవ తలుపు ఒకటున్నది, దానికి తాళం పరీక్ష. హామ్ రేడియోగా పేరుపొందిన అమెచ్యూర్ రేడియోకు పన్నెండేళ్ళు నిండిన ఎవరైనా పరీక్ష వ్రాయవచ్చు. రేడియో సిద్ధాంతం, నియమావళి అందులో విషయాలు. ప్రారంభశ్రేణికి మోర్స్ సంకేతాలు రానవసరం లేదు. ఉత్తీర్ణులకు వీయూతో మొదలయ్యే పిలుపుగుర్తు ఇస్తారు. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీకి కూడ అటువంటి గుర్తు ఉండేది. పత్తి ధరలు, కూలీల బేరాలు వంటి వ్యాపార విషయాలకు దీనిని వాడరాదు. ఆపదకాలంలో మాత్రం దీనికి సాటిలేదు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో రేడియో కేంద్రం నడుపుతూ ఉండగా 26వ తేదీ ఉదయం సునామీ విరుచుకుపడింది. ఫోనులు తెగిపోయిన ఆ దీవుల నుండి క్షేమసమాచారాలను ప్రధాన భూభాగానికి చేరవేసినది అభిరుచి కోసం తీసుకువెళ్ళిన ఆ సెట్లే. సూరి 1983లో నెలకొల్పిన ఆ సంస్థ రాయచూరుకు ఒక రాత్రి ప్రయాణపు దూరంలోనే ఉంది.

నదీతీర తాలూకాలో ప్రతి హైస్కూలు నుండి ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఈ పరీక్షకు తయారయితే, పంచాయితీ ఒక సెట్టును, ఒక కారు బ్యాటరీని సమకూర్చితే, 2009 వంటి రాత్రి మళ్ళీ వచ్చినపుడు తహశీల్దారు కార్యాలయానికి ఒక గొంతు చేరుతుంది. అడ్డంకి ధనం కన్న భాష. చదువవలసిన పుస్తకాలు అధికభాగం ఇంగ్లీషులో ఉన్నాయి. ఇంట తెలుగు, బడిలో కన్నడం నేర్చే పిల్లలకు ఈ పాఠాలను ఆ రెండు భాషలలో వ్రాసి ఇవ్వడం ఉపాధ్యాయులు చేయగల పని.

అంతవరకు, కొనదలచినవారు పెట్టె మీద మూడు విషయాలు చూడాలి. ఫ్రీక్వెన్సీ 446.0 నుండి 446.2 లోపల మాత్రమేనా, లేక 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండా? వాట్లు ఎన్ని? ఈటీఏ సంఖ్య ముద్రించి ఉన్నదా? బిల్లు తప్పక తీసుకొని సెట్టుతో పాటు జాగ్రత్త పెట్టుకోవాలి. ఇప్పటికే అన్ని పట్టీలలో పంపగల సెట్టు ఇంట్లో ఉన్నవారు దానిని ఛార్జి చేసి పిల్లల చేతికి ఇవ్వకుండ, బ్యాటరీ తీసి పక్కన పెట్టి, టెలికం శాఖవారిని వ్రాతపూర్వకంగా సలహా అడగడం మంచిది.