దొంగ బిళ్ళకు దండుగ ఎవరిది?

తపాలా బిళ్ళ చూడడానికి చిన్న కాగితపు ముక్క. అయినా దాని వెనుక మూడు పక్షాల ఒడంబడిక ఉన్నది. పంపేవాడు రుసుము ముందుగా చెల్లించాడు. తపాలా శాఖ ఉత్తరాన్ని చేరవేయడానికి ఒప్పుకున్నది. అందుకొనేవాడు ఇక ఎవరికీ బాకీ లేడు. ఆ బిళ్ళ నకిలీదని తేలినప్పుడు చెడినది మొదటి మాట ఒక్కటే. కాని దండుగ మాత్రం తరచుగా మూడవవాని నెత్తిన, అంటే గుమ్మంలో నిలబడి చేయి చాచిన చిరునామాదారు నెత్తిన పడుతున్నది. ఈ పద్ధతి అన్యాయమని నా అభిప్రాయం.

అందుకొనేవాడే డబ్బు ఇచ్చుకోవడం ఒకప్పుడు లోకాచారమే. ఇంగ్లండులో 1840లో రోలండ్ హిల్ సంస్కరణ వచ్చేవరకూ, మన దేశంలో 1854లో అఖిల భారత తపాలా బిళ్ళలు వెలువడేవరకూ ఉత్తరాలు చాలావరకు అట్లాగే నడిచినవి. ఆ ఆచారం ఎంత మోసానికి దారి తీసిందో చెప్పడానికి హిల్ తన గ్రంథంలో కవి కోల్రిడ్జ్ చూచిన ఒక ముచ్చటను వాడుకున్నాడు. ఒక స్త్రీ కొడుకు నుండి వచ్చిన ఉత్తరాన్ని డబ్బు చెల్లించక తిప్పి పంపబోతే కవి తానే చెల్లించాడట. విప్పి చూస్తే లోపల ఖాళీ కాగితం! క్షేమంగా ఉన్నానని తల్లికి తెలపడానికి కొడుకు చేసిన ఏర్పాటు అది.

మన పల్లెలలో ఇటువంటి ఉత్తరాన్ని బేరింగు ఉత్తరం అన్నారు. ఉర్దూలో అదే బైరంగ్. గాలిబ్ లేఖలు చదివినవారికి ఈ మాట పరిచితమే. ఆంగ్లపు మాట నోట నలిగి అట్లా మారగా, రంగు లేనిదనే అర్థాన్ని జనం తరువాత కల్పించుకున్నారు. రంగుల బిళ్ళ లేని కవరును చూస్తే ఆ కల్పన కూడా అందంగానే అమరినదనిపిస్తుంది. ఉర్దూ పలుకుబడిలో బైరంగ్ తిరిగి రావడమంటే వెళ్ళిన పని కాక వట్టి చేతులతో మరలడం. డబ్బు వసూలు కావలసి ఉన్నది కనుక బేరింగు ఉత్తరాన్ని ఎవరూ దారిలో పారవేయరని, అదే నిక్కచ్చిగా చేరుతుందని పెద్దలలో ఒక నమ్మకం కూడా ఉండేది.

బిళ్ళ చాలని ఉత్తరానికి మన దేశంలో రెట్టింపు వసూలు చేయడం చిరకాలపు రివాజు. ఇరవై గ్రాములకు 5 రూపాయల లెక్కన, పాతిక గ్రాముల కవరుకు ఒక్క బిళ్ళే అంటిస్తే లోటు 5 రూపాయలు, వసూలు 10 రూపాయలు. దీనిని నేను తప్పు పట్టను. తూకం తేటతెల్లం, లోటు కంటికి కనబడుతున్నది. పైగా 1898 నాటి తపాలా చట్టం పదకొండవ సెక్షనులో చిరునామాదారుకు ఒక తలుపు తెరచి ఉంచింది. విప్పకుండా వెంటనే తిప్పి పంపితే అతడు ఏమీ చెల్లించనక్కరలేదు, ఆ భారం పంపినవానిపై పడుతుంది. చిరునామాదారును వేధించాలన్న దురుద్దేశంతోనే పంపినట్లు తోస్తే పోస్టుమాస్టరు జనరల్ ఆ రుసుమును రద్దు కూడా చేయవచ్చు. పరాయి ప్రభుత్వం చేసిన చట్టమైనా ఈ ఒక్క చోట దానికి మర్యాద తెలుసు.

దొంగ బిళ్ళ సంగతి వేరు. అక్కడ లోటు కంటికి కనబడదు. బ్రిటనులో ఇటీవల జరిగినది చూడండి. దొంగ బిళ్ళలనూ, ముద్ర చెరిపి మళ్ళీ అంటించే బిళ్ళలనూ అరికట్టడానికని అక్కడి రాయల్ మెయిల్ సంస్థ 2022లో బార్‌కోడు గల బిళ్ళలను తెచ్చింది. కోడు లేని మామూలు పాత బిళ్ళలు 2023 జూలై 31 తరువాత చెల్లవన్నది. నకిలీ బిళ్ళ అని యంత్రం చెప్పిన ఉత్తరానికి అందుకొనేవారి నుండి 5 పౌన్లు వసూలు చేయసాగింది. పుట్టినరోజు కార్డు కోసం ఎదురుచూచినవారికి దండుగ చీటీ వచ్చింది. సాక్షాత్తు తపాలా కార్యాలయంలోనే కొన్నామని పంపినవారు మొత్తుకున్నారు. నకిలీలు చైనా నుండి వస్తున్నవని పత్రికలు వ్రాసినవి. 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థ అందుకొనేవారిపై ఆ వసూలును నిలిపివేసింది. మన జిల్లాల పిల్లలు ఎందరో అక్కడ చదువుకుంటున్నారు కనుక ఇది మనకు పరాయి కథ కాదు.

యంత్రం చెప్పినదే వేదమనుకోవడం ఎంత ప్రమాదమో ఆ దేశానికి అప్పటికే తెలిసి ఉండవలసినది. హొరైజన్ అనే కంప్యూటరు లెక్కలను నమ్మి 1999 నుండి 2015 వరకు తొమ్మిది వందల మందికి పైగా సబ్ పోస్టుమాస్టర్లను దొంగలన్నారు. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలను తుడిచివేయవలసి వచ్చింది. రాయల్ మెయిల్ వేరు, ఆ పోస్టాఫీసు సంస్థ వేరు. మనస్తత్వం మాత్రం ఒకటే.

దొంగ బిళ్ళ ఎక్కడ పుడుతుందో కూడా ఆలోచించాలి. 1872 ప్రాంతంలో లండను స్టాక్ ఎక్స్ఛేంజి తంతి కార్యాలయంలో ఆకుపచ్చ షిల్లింగు బిళ్ళలకు నకళ్ళు తయారైనవి. వ్యాపారులు తంతికి డబ్బు ఇచ్చారు, కౌంటరు లోపలివారు ఆ డబ్బు జేబులో వేసుకొని ఫారాలపై దొంగ బిళ్ళలు అంటించారు. ఎవరికీ అనుమానం రాలేదు. 1898లో చార్లెస్ నిస్సెన్ అనే బిళ్ళల వర్తకుడు పాత ఫారాలను పరిశీలిస్తుండగా గుట్టు బయటపడింది. అసలు బిళ్ళల పలకలో ఉండడానికి వీలులేని అక్షరాల జంటలు కొన్నిటి మూలలలో కనబడినవి. దోషి ఎవరో నేటికీ తేలలేదు. శాఖ కంటికే ఇరవై ఆరేళ్ళు కనబడని దొంగతనాన్ని రేపల్లె దగ్గరి ఒక ముసలమ్మ తన గుమ్మంలో నిలబడి కనిపెట్టాలా?

దొంగ సరుకు ముచ్చట గుంటూరు వారికి ఒకరు చెప్పనక్కరలేదు. పత్తి, మిరప చేలలో నకిలీ విత్తనం చేసిన చేటు ఇక్కడ ఇంటింటికీ తెలుసు. సంచి మీద ముద్ర ఉన్నది, దుకాణదారు చేతిలో లైసెన్సు ఉన్నది, రైతు నమ్మి విత్తాడు. మొలక రాలేదని, కాయ పట్టలేదని విత్తినవాణ్ణి దోషి అన్నవారు ఎవరైనా ఉన్నారా? ఆ చేను పక్క బాటన నడిచిపోయేవాణ్ణి పట్టుకొని జరిమానా అడగడం ఎట్లాంటిదో, దొంగ బిళ్ళకు చిరునామాదారును అడగడం అట్లాంటిది. తెల్గీ ముద్రపత్రాల కుంభకోణం సంగతీ అదే. 1994లో స్టాంపు అమ్మకపు లైసెన్సు పొందిన మనిషి 2001లో పట్టుబడేవరకు దేశమంతటా నకిలీ స్టాంపు కాగితాలు నడిపాడు. కొన్నవారికి అవి అసలువే.

శిక్షాస్మృతి ఈ విషయంలో ఎక్కువ వివేకం చూపినది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ప్రకారం ప్రభుత్వ స్టాంపుకు నకలు తయారుచేసినవానికి యావజ్జీవ శిక్ష వరకు పడవచ్చు. వాడినవాణ్ణి శిక్షించాలంటే మాత్రం అది నకిలీదని అతనికి తెలిసి ఉండాలి, లేదా అట్లా నమ్మడానికి తగిన కారణం ఉండాలి. అంటించినవాని మనసునే ఇంతగా విచారించే దేశంలో, అంటించనివాని నుండి విచారణ లేకుండా వసూలు చేయడం ఏమి న్యాయం?

ఉత్తరంపై అదనపు రుసుము వేయడమే తప్పని నేననను. 1971 నవంబరు 15 నుండి మన ప్రభుత్వం బంగ్లాదేశ్ శరణార్థుల సహాయం కోసం 5 పైసల పన్ను విధించింది. ప్రత్యేకపు బిళ్ళలు చాలక ఎన్నో ఊళ్ళలో కుటుంబ నియంత్రణ బిళ్ళలపైనే రబ్బరు ముద్ర వేసి అమ్మారు. 1973 మార్చి 31 వరకు అది నడిచింది. అప్పుడు కోటి మంది కాందిశీకులు వచ్చారు, కారణం అందరికీ తెలుసు, డబ్బు ఇచ్చినవాడు తెలిసి ముందుగా ఇచ్చాడు. ఇప్పుడు మనం మాట్లాడుతున్న దండుగకు ఈ లక్షణాలలో ఒక్కటీ లేదు.

మన పాత చట్టం స్థానంలో 2023 నాటి తపాలా కార్యాలయ చట్టం 2024 జూన్ 18న అమలులోకి వచ్చింది. అది చాలా పొట్టి చట్టం. సేవను వినియోగించుకున్న వ్యక్తి రుసుముకు బాధ్యుడు, చెల్లించకపోతే భూమిశిస్తు బకాయి వలె రాబట్టవచ్చు అన్నది. ఉత్తరం విషయంలో సేవను వినియోగించుకున్నది వ్రాసినవాడా, అందుకున్నవాడా? 1898లో చట్టంలోనే స్పష్టంగా వ్రాసి ఉంచిన రక్షణను నియమాలకూ, అధికారుల వివేకానికీ వదలడం నాకు నచ్చలేదు. నియమాలు మారడానికి ఒక ప్రకటన చాలు.

అందుకొనేవాణ్ణి వదిలివేస్తే దొంగలకు అలుసు కాదా అని కొందరు అడుగుతారు. అలుసు అయ్యేది వసూలుతో కడుపు నిండి వెతకడం మానివేసినప్పుడు. దండుగ కట్టిన చిరునామాదారు కవరును చింపి పారవేస్తాడు, దానితో సాక్ష్యం పోతుంది. దానికి బదులు అనుమానపు బిళ్ళ గల కవరును శాఖ తీసుకొని, లోపలి ఉత్తరాన్ని ఊరకే అందజేసి, పంపినవాని చిరునామా ఉంటే అతణ్ణి ఎక్కడ కొన్నావని అడగాలి. నాసిక్ సెక్యూరిటీ ప్రెస్సు ఎన్నో దశాబ్దాలుగా బిళ్ళలు ముద్రిస్తున్నది. అసలుదేదో తేల్చవలసినది పరీక్ష చేయగలవారు గాని గుమ్మంలోని పోస్టుమాను కాదు, యంత్రం ఒక్కటే అంతకన్నా కాదు. చిరునామా లేని ఉత్తరాల మీద శాఖకు కొంత నష్టం రాకపోదు. 5 రూపాయల నష్టం శాఖ భరించగలదు.

ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేటప్పుడు మన విద్యార్థులు బిళ్ళ అంటించిన సొంత చిరునామా కవరును జతపరచడం ఉన్నది. ఆ బిళ్ళ మూల దుకాణంలో కొన్నది. అది నకిలీదై, కవరు వచ్చిన నాడు ఇంట్లో ఎవరూ లేకపోతే, డబ్బు వసూలు కాలేదని ఇంటర్వ్యూ పిలుపు బైరంగ్‌గా వెనుకకు పోతుంది.