కుర్చీల లెక్క సరే, కూలి లెక్క ఎవరడిగారు?

2024 జూన్ 9న ఢిల్లీలో కేంద్ర మంత్రివర్గం ప్రమాణం చేసింది. ఆ వారంలోనే వనపర్తి పక్కన ఒక ఊళ్లో ఉపాధి పని జరిగే కాడికి పోయాను. మధ్యాహ్నం చెట్టు కింద సద్దిమూటలు విప్పుకొని కూర్చున్నాం. పేపరు చదివిన పిల్లగాడొకడు తెలంగాణకు రెండు, ఆంధ్రకు మూడు మంత్రి పదవులు దక్కాయని లెక్క చెప్పాడు. ఒక పెద్దమ్మ గడ్డపార పక్కన పెట్టి నన్నడిగింది: "అయిదుగురు అయితే అయిండ్రు గని బిడ్డా, అండ్ల మన కైకిలి సంగతి అడిగెటోడు ఎవడు?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఏడాదిన్నర తిరిగేసరికి ఢిల్లీయే జవాబు చెప్పింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టాన్ని తీసేసి, దాని స్థానంలో వేరే చట్టం పెట్టింది. ఏ పార్టీల మద్దతు మీద ప్రభుత్వం నిలబడిందో ఆ పార్టీలు అడ్డు చెప్పలేదు. కాబట్టి ఆ మంత్రివర్గం ఎట్లా ఏర్పడిందో, అందులో ఎవరికి ఏమి దక్కిందో కూలీలు తెలుసుకోవటం అవసరం.

ఇరవై ఎనిమిది మంది బలం

లోక్‌సభలో 543 సీట్లు. ప్రభుత్వం నిలవాలంటే 272 మంది కావాలి. 2024లో బి.జె.పి.కి వచ్చినవి 240. అంటే 32 తక్కువ. మిత్రపక్షాలన్నీ కలిస్తే ఎన్.డి.ఎ. బలం 293 అయింది. అందులో తెలుగుదేశం 16, బీహారుకు చెందిన జనతాదళ్ (యు) 12. ఈ రెండు పార్టీలు లేచి బయటికి నడిస్తే మిగిలేది 265. ప్రభుత్వం పడిపోతుంది. ఈ చిన్న కూడిక తీసివేతలోనే వాళ్ల బలమంతా ఉంది. అంతకు ముందు పదేళ్లు బి.జె.పి. ఒక్కదానికే మెజారిటీ ఉండేది గనుక మిత్రుల మాటకు విలువ లేకపోయింది. 2024లో మాత్రం మిత్రుల చేతికి పగ్గం వచ్చింది.

మరి పగ్గం పట్టినవారు ఏం అడిగారు? రాజ్యాంగం ప్రకారం లోక్‌సభ సభ్యుల సంఖ్యలో నూటికి 15 మందికి మించి మంత్రులు ఉండకూడదు. ఆ లెక్కన 81 మంది దాకా ఉండొచ్చు. ప్రధానితో కలిసి 72 మంది ప్రమాణం చేశారు. వారిలో మిత్రపక్షాల వారు 11 మంది. హోం, రక్షణ, ఆర్థికం, విదేశాంగం నాలుగూ బి.జె.పి. దగ్గరే ఉండిపోయాయి. ఖజానా తాళం మిత్రులెవరికీ ఇవ్వలేదు.

అయితే మిత్రులను మన శాఖల నుంచి పూర్తిగా దూరం పెట్టారనుకుంటే పొరపాటు. వ్యవసాయం, గ్రామీణాభివృద్ధి రెండూ బి.జె.పి.కి చెందిన శివరాజ్ సింగ్ చౌహాన్‌కు ఇచ్చారు. ఆయన కింద వ్యవసాయ శాఖలో సహాయ మంత్రిగా జనతాదళ్ (యు) నుంచి రామ్‌నాథ్ ఠాకూర్ వచ్చారు. ఈయన కర్పూరీ ఠాకూర్ కొడుకు. పంచాయతీరాజ్ శాఖ అదే పార్టీకి చెందిన లలన్ సింగ్‌కు దక్కింది. గ్రామీణాభివృద్ధిలో సహాయ మంత్రిగా తెలుగుదేశం నుంచి గుంటూరు ఎం.పి. పెమ్మసాని చంద్రశేఖర్ కూర్చున్నారు. ఎన్నికల అఫిడవిట్‌లో ఆయన కుటుంబం ఆస్తి 5,700 కోట్ల రూపాయలు దాటింది. ఉపాధి కూలీల శాఖలో దేశంలోకెల్లా ధనిక అభ్యర్థి సహాయ మంత్రి అయ్యాడన్న మాట.

తెలుగుదేశానికి వచ్చిన క్యాబినెట్ పదవి పౌర విమానయానం. శ్రీకాకుళం ఎం.పి. రామ్మోహన్ నాయుడు ఆ మంత్రి. 1996లో యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం వచ్చినప్పుడు ఆయన తండ్రి ఎర్రన్నాయుడు చూసింది గ్రామీణ శాఖ. అదే మంత్రివర్గంలో వ్యవసాయ మంత్రి కమ్యూనిస్టు నాయకుడు చతురానన్ మిశ్రా. తండ్రి కాలంలో పల్లెను చూసిన పార్టీ కొడుకు కాలానికి ఆకాశాన్ని చూసింది!

మనవాడుంటే చాలా?

కిషన్ రెడ్డికి బొగ్గు, గనులు, బండి సంజయ్‌కి హోం శాఖలో సహాయ మంత్రి పదవి. తెలంగాణ వాటా ఇంతే. పాలమూరు నుంచి ఎవరూ లేరు. మన వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు మూడూ నాగర్‌కర్నూలు రిజర్వుడు లోక్‌సభ స్థానం కిందికే వస్తాయి. అక్కడ గెలిచిన మల్లు రవిది కాంగ్రెసు, అంటే ప్రతిపక్షం. గద్వాలకే చెందిన డి.కె. అరుణ మహబూబ్‌నగర్ నుంచి బి.జె.పి. తరఫున గెలిచినా ఆనాటి మంత్రివర్గంలో చోటు దొరకలేదు. "మన దిక్కోళ్లకు ఒక్కటీ రాకపాయె" అని మన కూలీలే బాధపడటం విన్నాను.

ఆ బాధ నాకు అర్థమవుతుంది. కాని ఒకటి ఆలోచించండి. మంత్రివర్గంలో ఎస్.సి.లు 10 మంది, ఎస్.టి.లు 5 గురు, బి.సి.లు 27 మంది అని ప్రభుత్వం గొప్పగా చెప్పుకుంది. 72 మందిలో ఆడవాళ్లు 7 గురే. ముస్లిం ఒక్కరూ లేరు. ఆ మాట అది చెప్పుకోలేదు. బీహారులో భూమిలేని ముసహర కులం నుంచి వచ్చిన జీతన్ రాం మాంఝీకి చిన్న పరిశ్రమల శాఖ ఇచ్చారు. మాదిగ, మాల, బోయ, లంబాడా, చెంచు బిడ్డలు మంత్రులు కావాలి, అందులో రెండో మాట లేదు. అయితే మన కులంవాడో మన జిల్లావాడో కుర్చీలో కూర్చున్నంత మాత్రాన కూలి పెరగదు. ఏ షరతు మీద కూర్చున్నాడన్నది తేల్చుకోవాలి.

2004 నేర్పిన పాఠం

షరతు అంటే ఏమిటో 2004 చూపించింది. కాంగ్రెసుకు 145 సీట్లే వచ్చాయి. దాదాపు 60 మంది వామపక్ష సభ్యులు బయటి నుంచి మద్దతిచ్చారు. ఒక్క మంత్రి పదవీ తీసుకోలేదు. తీసుకున్నది ఒక కాగితం, అంటే కనీస ఉమ్మడి కార్యక్రమం. అందులో పేద కుటుంబానికి 100 రోజుల పని హామీ రాయించారు. గ్రామీణాభివృద్ధి శాఖ కాంగ్రెసుది కాదు, ఆర్.జె.డి.కి చెందిన రఘువంశ్ ప్రసాద్ సింగ్‌ది. ఖజానాకు భారమని పెద్దలు గొణిగినా 2005లో చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. మొదటి విడత 200 జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉంది. నల్లమల చెంచులకు పనికొచ్చే అటవీ హక్కుల చట్టం కూడా 2006లోనే వచ్చింది.

ఆ చట్టంలోనూ లోపాలున్నాయి. డబ్బులు నెలల తరబడి ఆలస్యమయ్యాయి, మస్టర్లలో దొంగ పేర్లు పడ్డాయి. అయినా పాలమూరు లేబర్ అనే పేరుతో దేశమంతా డ్యాములు కట్టిన మనకు, ఊళ్లో ఉండి పని అడిగే హక్కు మొదటిసారి దొరికింది. పటేలు దగ్గర "ఇంతకు తక్కువయితే రాను" అనే నోరు వచ్చింది.

మిత్రులు అడిగినవి, అడగనివి

2024 ప్రభుత్వానికి అట్లాంటి ఉమ్మడి కార్యక్రమమేదీ జనం ముందు పెట్టలేదు. జూలైలో వచ్చిన మొదటి బడ్జెట్‌లో అమరావతికి 15,000 కోట్లు సమకూరుస్తామన్నారు, అదీ చాలామటుకు విదేశీ బ్యాంకుల అప్పు. బీహారు రోడ్లకు 26,000 కోట్లు, వరదల నివారణకు 11,500 కోట్లు అన్నారు. అంటే గట్టిగా అడిగితే ఢిల్లీ ఇస్తుంది. అదే బడ్జెట్‌లో ఉపాధి హామీకి 86,000 కోట్లు. మరుసటి ఏడాదీ అదే 86,000 కోట్లు. ధరలు పెరిగినా ఒక్క రూపాయి కలపలేదు. మనకు రోజుకూలి 2024–25లో 300, 2025–26లో 307. ఏడు రూపాయలు పెరిగింది! టీ తాగితే అయిపోయె.

ఇందుకు ఆంధ్ర కూలీలను నిందించటం తప్పు. తుంగభద్రకు అవతల కర్నూలు కూలీకీ అదే 307. రాజధాని కాంట్రాక్టులు వాళ్లకూ రాలేదు.

చివరికి 2025 డిసెంబరు 17న మన పల్లెల్లో మూడో విడత సర్పంచ్ ఓట్లు వేశాం. మరునాడే లోక్‌సభ కొత్త బిల్లును ఆమోదించింది. ఆ అర్ధరాత్రి దాటాక రాజ్యసభ కూడా కానిచ్చింది. 'జీ రామ్ జీ' అని పిలుస్తున్న ఈ చట్టంలో 125 రోజులని రాశారు. పాత చట్టం కింద దేశంలో ఒక్కో కుటుంబానికి సగటున దొరికింది 50 రోజుల చుట్టూనే. వంద ఇవ్వనివారు నూట పాతిక ఇస్తామంటే నమ్మేముందు డబ్బెవరిదో చూడాలి. పాత చట్టంలో కూలి డబ్బంతా కేంద్రానిది. కొత్తదాంట్లో నూటికి 40 రాష్ట్రం పెట్టాలి. ఏ రాష్ట్రానికి ఎంతన్నది కేంద్రం ముందే నిర్ణయిస్తుంది, ఆపైన అయ్యేది రాష్ట్రం భరించాలి. అడిగితే పని ఇవ్వాల్సిన హక్కు, ఉన్నంతలో పంచే పథకమైపోతుంది.

ఇంకొక మాట. నాట్లు, కోతలు ముమ్మరంగా సాగే కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా ఈ పని ఆపవచ్చని రాశారు. మన దగ్గర ఉపాధి పని ఎండాకాలంలోనే ఎక్కువ గదా, నష్టమేమిటని కొందరంటారు. గద్వాల సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ చేసే ఆడకూలీని అడగండి. ఇంకోచోట పని ఉందన్న ధీమా ఉంటేనే అక్కడ రేటు మాట్లాడగలదు. ఆ ధీమాను సరిగ్గా కూలి పెరగాల్సిన రోజుల్లో తీసేశారు. ఎవరి లాభానికో వేరే చెప్పాలా?

మనమేం చెయ్యాలి?

మన లోపం కూడా ఉంది. 2024 ఎన్నికల్లో ఓటడగవచ్చినవారిని ఉపాధి చట్టం గురించి ఎన్ని ఊళ్లలో నిలదీశాం? అడగని కూలి పటేలైనా ఇవ్వడు, ఢిల్లీ ఎందుకిస్తుంది?

కొత్త సర్పంచుల చేత గ్రామసభ పెట్టించి, పని హక్కు కావాలని తీర్మానం రాయించండి. పని అడిగేటప్పుడు కాగితం మీదనే అడిగి, తేదీతో రసీదు తీసుకోండి. 40 వంతుల వాటా బడ్జెట్‌లో చూపించమని రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగండి. ఇద్దరు ఎం.పి.లనూ, అధికార పక్షమైనా ప్రతిపక్షమైనా, ఊరికి వచ్చినప్పుడు ఇదే ప్రశ్న వెయ్యండి.

రేపు మళ్లీ ఎవరికో ముప్పై సీట్లు తక్కువ పడతాయి. మళ్లీ కుర్చీల బేరం జరుగుతుంది. ఆ బేరంలో మన కూలి మాట ఒక షరతుగా ఎక్కాలంటే, ఆ పనికి ఈ ఎండాకాలమే చెట్టు కింద కూర్చొని మొదలుపెట్టాలి. ఆ పెద్దమ్మకు నేను బాకీపడ్డ జవాబు ఇదే.