వేషం మార్చే రెండు నిమిషాలు

చాలా రోజుల తరువాత ఈ గూట్లో దీపం పెడుతున్నాను. ఇంతకాలం ఛందస్సు, సమాసాలు, సామెతలు అంటూ మీ ఓపికను పరీక్షించినవాణ్ణి. ఈసారి సూదీ దారమూ పట్టుకొని వచ్చాను. తెలుగు పండితుడికి కుట్టుపనితో ఏం సంబంధమని మీరు నవ్వుకోవచ్చు. సంబంధం ఉన్నది. ముప్ఫయ్యేళ్ళకు పైగా బడిపిల్లలచేత నాటకాలు వేయించిన పుణ్యమో పాపమో నా ఖాతాలో ఉన్నది. అందులో పాపం పద్దు కొంతైనా చెల్లు వేసుకొందామని ఈ టపా.

అలవాటు పోదు కనుక ముందుగా ఒక మాట సంగతి. 'నేపథ్యం' అనే మాటను ఈ రోజుల్లో మనం 'వెనుక ఉన్న పరిస్థితి' అనే అర్థంలోనే వాడుతున్నాం. ఎన్నికల నేపథ్యం, కుటుంబ నేపథ్యం, నేపథ్య సంగీతం. సంస్కృతంలో ఆ మాటకు వేషం, అలంకారం అని ఒక అర్థం. తెర వెనుక ఆ వేషం కట్టుకొనే చోటు అని మరొక అర్థం. కట్టుకొనే బట్టనూ, కట్టుకొనే గదినీ పెద్దలు ఒకే మాటతో పిలిచారు. భరతుడు చెప్పిన నాలుగు అభినయాలలో ఆంగిక వాచికాల తరువాత ఆహార్యమే వస్తుంది. అంటే వేషం అభినయానికి తోడు కాదు, అదీ అభినయమే. మనం బట్టను మాత్రం గుర్తుపెట్టుకొని గదిని మరిచిపోయాం. ఆ మరుపు ఖరీదు ఎంతో నాకు తెలిసిన ఒక సంగతితో చెబుతాను.

1980ల చివరి మాట. నేను ఉద్యోగంలో కొత్త. వార్షికోత్సవానికి హరిశ్చంద్ర కథ వేయించాలని పూనుకొన్నాను. చంద్రమతి పాత్రకు తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయిని తీసుకొన్నాను. పసుపు పండించే రైతు బిడ్డ. గొంతు ఖంగుమనేది. ఒత్తులు పలకడంలో నాకే పాఠం చెప్పగలదు. రాజ్యం పోయి, అంగట్లో అమ్ముడుపోయి, మహారాణి దాసి అవుతుంది కదా. పట్టుచీర, వడ్డాణం, కిరీటం తీసి ముతక చీరతో మళ్ళీ రావాలి. మధ్యలో నేను ఇచ్చిన వ్యవధి ఒక పద్యం, రెండు మాటలు. అంటే దాదాపు రెండు నిమిషాలు.

పద్యాలన్నీ వల్లె వేయించాను. రాగాలు దిద్దించాను. ఆ రెండు నిమిషాల్లో ఆ పిల్ల ఎక్కడ, ఎట్లా చీర మార్చుకొంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వేదిక వెనుక వరండాలో ఇద్దరు ఆడపిల్లలు దుప్పటి అడ్డం పట్టుకొన్నారు. గాలి వీచింది. దుప్పటి లేచింది. అటువైపు గోడ మీద కూర్చున్న పోరగాళ్ళు ఈల వేశారు, నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం చెదరలేదు. ముతకచీర చుట్టుకొని వచ్చి, ఒక్క అక్షరం పొల్లు పోకుండా పాత్ర ముగించింది. బహుమతి కూడా వచ్చింది. మరుసటి ఏడు నాటకానికి పేర్లు రాసుకొంటుంటే తల దించుకొని, "నేను నాటకంల ఉండ సార్" అన్నది. అంతే. మళ్ళీ ఎన్నడూ వేదిక ఎక్కలేదు.

చాలాకాలం ఆ నేరాన్ని గోడ మీది పోరగాళ్ళకు కట్టబెట్టి నిశ్చింతగా ఉన్నాను. వాళ్ళ తప్పు లేదని కాదు. కాని బట్టలు విప్పితే తప్ప ముందుకు సాగని నాటకాన్ని తయారుచేసినవాణ్ణి నేను. ఆ సంగతి నాకు తెలియజెప్పినవాడు ఏ శాస్త్రకారుడూ కాదు, మా ఊరి దర్జీ. కొన్నేళ్ళ తరువాత మరో నాటకానికి దుస్తులు కుట్టించడానికి వెళితే ఆయన అన్నాడు: "సారూ, అందరు తొడుక్కునుడు ఎట్లనో చెప్తరు. ఇప్పుకునుడు ఎట్లనో ఎవ్వరు చెప్పరు."

నా వాదమంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది. రంగస్థలం మీద వేషం వేగంగా మారడమంటే నటుడి చేతివాటం కాదు, దుస్తులు రూపొందించినవాడి ముందుచూపు. ఆ చూపు కొరవడితే చెడేది ఆట ఒక్కటే కాదు, ఆడేవారి మానమర్యాదలు కూడా.

ఆర్మూరులో ఉన్నవారికి ఇది తెలియని విద్య కాదు. పసుపు బస్తాలు చూడండి. మర మీద కుట్టిన బస్తా మూతికి గొలుసుకుట్టు ఉంటుంది. అది ఎంత బరువునైనా మోస్తుంది. లారీ ఎక్కించి దించినా చెక్కుచెదరదు. కాని సరైన కొస దొరకబుచ్చుకొని లాగితే మూతి మొత్తం ఒక్క గుక్కలో విచ్చుకొంటుంది. తప్పు కొస లాగితే మాత్రం ఎంత పీకినా రాదు. గట్టిగా ఉండడం, సులువుగా ఊడడం రెండూ ఒకే కుట్టులో ఇమిడి ఉన్నాయి. ఏ కొస లాగాలో తెలియడమే విద్య.

జపాను దేశంలోని కబుకి నాటకాలలో సరిగ్గా ఈ కిటుకునే కళగా మార్చారు. దానిని 'హికినుకి' అంటారు. పై దుస్తును కింది దుస్తు మీద వదులు టాకాలతో కుడతారు. నటుడు ఆడుతుండగానే వెనుక నిలిచిన సహాయకుడు ఆ దారాలను లాగేస్తాడు. పై పొర జారిపోయి కొత్త రంగు బయటపడుతుంది. నటుడు తెర వెనక్కు పోడు, ఆట ఆగదు. అక్కడ ప్రేక్షకులు ఆ మార్పు కోసమే కళ్ళప్పగించి చూస్తారు. సహాయకుడు వేదిక మీదనే అందరికీ కనబడుతూ ఉంటాడు. ఆయన పని నామోషీ కాదు.

అంత దూరం ఎందుకు, మన పగటివేషాలలో అర్ధనారీశ్వర వేషం ఉన్నది కదా. ఒకే నటుడు ఒకవైపు జటలతో, విభూతితో శివుడు. మరోవైపు చీరతో, నగలతో పార్వతి. చేతిలో ఒక తెరగుడ్డ. దానితో ఒక సగాన్ని మరుగుపరచి ఈ పక్కకు తిరిగితే అయ్యవారు, ఆ పక్కకు తిరిగితే అమ్మవారు. గొంతు మారుతుంది, నడక మారుతుంది. బట్ట మాత్రం ఒక్క నూలుపోగు కూడా మారదు. వేషం మార్చడంలో ఇంతకన్న వేగం ఇంకేముంటుంది? వీధి నడిమధ్య, పట్టపగలు, గది లేదు, కప్పు లేదు. ఆ లేమిలో నుంచే ఆ తెలివి పుట్టింది. విప్పే అవసరమే లేకుండా రూపొందించడం ఈ విద్యలో కొసమెట్టు.

మా ఇందూరు ప్రాంతానికి చిందు యక్షగానం సొంతం. 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ గారు మా జిల్లావారే. స్త్రీ పాత్రలే కాక పురుష పాత్రలు కూడా ధరించి మెప్పించిన తల్లి. ఇటీవల 2024లో చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది. నా చిన్నతనంలో చూసిన చిందు బృందం ఒకే కుటుంబం. మనుషులు తక్కువ, పాత్రలు ఎక్కువ. వాళ్ళ కిరీటాలు, భుజకీర్తులు తేలికైన కర్రతో చేసినవి, తాళ్ళతో కట్టుకొనేవి. ఒంటి మీది బట్ట దాదాపు అదే ఉండేది. కిరీటం మారితే రాజు, అది తీసి తలగుడ్డ చుడితే మరొకడు. ఈలోగా బుడ్డర్‌ఖాన్ వచ్చి నవ్విస్తుంటే లోపల ఎంతసేపు పట్టిందో మాకు తట్టేదే కాదు. హాస్యగాడు నవ్వించడమే కాదు, వెనుకవారికి సమయమూ సంపాదించి పెడుతున్నాడని పంతులునయ్యాక గాని నాకు అర్థం కాలేదు.

పద్యనాటకాల్లోని 'వన్స్‌మోర్' కూడా ఇటువంటిదే. రాగం చాలాసేపు లాగుతున్నారని విమర్శకులు విసుక్కొనేవారు. కాని పద్యం రెండోమారు సాగినప్పుడల్లా తెర వెనుక ఎవరో ఒకరు హాయిగా ఊపిరి పీల్చుకొని ముడి బిగించుకొని ఉంటారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటక కుటుంబాల బలం కూడా ఈ ఏర్పాటులోనే ఉన్నది. అక్కడ వేదిక మీద ఉన్నవారూ, వెనుక తెర లాగేవారూ, వేషం అందించేవారూ ఒకే ఇంటివారు. కనుక వెనుక నిలిచినవాడు చిన్నబుచ్చుకోడు.

ఇక పనికివచ్చే మాటలకు వద్దాం. దర్జీ మాట విన్న తరువాత నేను నేర్చుకొన్నవి ఇవి.

మొదటిది, నాటకాన్ని చివరి నుంచి చదవాలి. చివరి వేషం ఒంటికి దగ్గరగా, మొదటి వేషం అన్నిటికన్న పైన ఉండాలి. చంద్రమతికి ముతక చీర ముందే కట్టాలి, పట్టుచీర దాని మీద రావాలి. అప్పుడు మార్పు అంటే తీసివేయడమే, కట్టుకోవడం కాదు. కింది బట్ట పలుచని నూలుది కావాలి, లేకుంటే మా ఎండలకు పిల్ల సొమ్మసిల్లుతుంది. రెండు పొరలకు మించకూడదు.

రెండవది, పై చీరను ముందే కుచ్చిళ్ళు పెట్టి కుట్టి ఒకే దుస్తుగా చేయాలి. సహాయకురాలు విప్పేదైతే తెరుపు వెనుక, తానే విప్పుకొనేదైతే ముందు. పిన్నీసును వేదిక దరిదాపులకు రానివ్వకూడదు. తొందరలో అది బట్టనూ చింపుతుంది, చేతినీ గుచ్చుతుంది. పెద్ద టిచ్ బటన్లు, పెద్ద కొక్కేలు, జారుముళ్ళు చాలు. వెల్‌క్రో పట్టీలు వచ్చాక పని సులువైన మాట నిజమే. మన చేలగట్ల మీద బట్టలకు అంటుకొనే ముళ్ళకాయల వంటివాటిని చూసి స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ ద మెస్త్రాల్ కనిపెట్టిన సాధనం అది. కాని దానిని లాగితే చర్రుమని చప్పుడు చేస్తుంది. కాటిసీనులో నిశ్శబ్దం నడుమ ఆ చప్పుడు వినబడితే లోహితుడు కూడా లేచి కూర్చుంటాడు.

మూడవది, హారాలు, వడ్డాణం విడివిడిగా పెట్టక పై దుస్తుకే కుట్టాలి. దుస్తు పోతే అన్నీ దానితోనే పోవాలి.

నాలుగవది, కొత్తగా తొడగవలసిన లంగావంటిది ఉంటే దానిని నేల మీద గుండ్రంగా పరిచి ఉంచాలి. పిల్ల మధ్యలో అడుగుపెడితే సహాయకురాలు పైకి లాగి బిగిస్తుంది. ఎవరు ఏ ముడి విప్పాలో ముందే నిర్ణయించాలి. ఇద్దరూ ఒకే ముడి మీద పడితే అంతే సంగతులు.

ఐదవది, పద్యాలకు ఎన్ని రిహార్సళ్ళో వేషం మార్పుకూ అన్ని. గడియారం చేతిలో పట్టుకొని, వెనుక ఎంత వెలుతురు ఉంటుందో అంత వెలుతురులోనే చేయించాలి. సమయం చాలకుంటే పిల్లను తొందరపెట్టడం కాదు, రచన చేసినవాడు ఇంకొక పద్యం రాయాలి.

ఇట్లా చేస్తే సహజత్వం పోతుందని కొందరు మిత్రులు అంటారు. కుట్టిన చీర కట్టిన చీరలా ఉండదట. పదిహేను అడుగుల దూరంలో కూర్చున్నవాడికి కుచ్చిళ్ళ కింది కుట్టు కనబడదు. నటి ముఖంలోని గాభరా మాత్రం కనబడుతుంది. ఖర్చు ఎక్కువంటారు మరికొందరు. వేదిక అలంకరణకు, దండలకు, శాలువలకు దొరికే డబ్బు నాలుగు గజాల బట్టకు, దర్జీ కూలికి దొరకదా? పాతకాలపు నటులు ఇవేమీ లేకుండానే ఆడలేదా అని ఇంకొందరు. ఆడారు, వారి కిటుకులు వారికి ఉన్నాయి కనుక. ఆ కిటుకులను అడిగి తెలుసుకోకుండా కథను మాత్రం తీసుకొన్నవాళ్ళం మనం.

కాబట్టి బడిలోగాని, పోటీల్లోగాని నాటకం వేయించేవారికి నా విన్నపం ఇది. వేదిక కొలతలు రాసే కాగితం మీదనే వేషం మార్చుకొనే గది కొలతలు కూడా రాయండి. తలుపు ఉన్న గది, గడియ ఉన్న తలుపు. అది లేకుంటే ఆడపిల్లలకు వేషం మార్పు ఉన్న నాటకం పెట్టవద్దు, లేదా మొదటి పొర ఎన్నడూ విప్పనవసరం లేని దుస్తులు కుట్టించండి. కరపత్రంలో దర్జీ పేరు, వేషం అందించినవారి పేరు అచ్చు వేయించండి. న్యాయనిర్ణేతలు వెనుక గదిని కూడా ఒకసారి చూసి మార్కులు వేయండి.

ఈ పద్ధతిలో తరువాతి ఏళ్ళలో చాలా నాటకాలు వేయించాను. ఒక్కసారి కూడా దుప్పటి అడ్డం పట్టవలసిన అవసరం రాలేదు. మళ్ళీ హరిశ్చంద్ర కూడా వేయించాను. వేదిక మీదనే, అందరి కళ్ళ ముందే, ఒక్క దారం లాగగానే పట్టు జారి ముతక చీర బయటపడితే జనం నిశ్శబ్దమైపోయారు. ఆ పిల్ల చంద్రమతి బాగానే చేసింది. కాని మొదటి చంద్రమతి గొంతు అంతకన్న బాగుండేది. ఆమె ఇప్పుడు పిల్లల తల్లి. బజారులో ఎదురైతే "బాగున్నరా సార్" అని పలకరిస్తుంది. నేను బాగున్నానమ్మా అంటాను. అసలు చెప్పవలసిన మాట ఇన్నేళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోతున్నది.

మీ ఊళ్ళలో వేషం మార్పుకు వాడే కిటుకులేమైనా ఉంటే తెలియజేయండి. ముఖ్యంగా దర్జీలను అడిగి రాయండి. పండితులను కాదు.